మేత గోతం కట్టిన కర్ర

మా కంపెనీలో స్వచ్ఛంద సేవకు హాజరుపట్టీ ఉంది. మెయిల్‌లో మొదటి వాక్యం "ఇష్టపూర్వకంగా పాల్గొనండి" అంటుంది. పాల్గొనని వారు కారణం రాసి పై అధికారి సంతకంతో పంపాలని రెండో వాక్యం అంటుంది. ఏడాదికి ఇన్ని గంటలని లెక్క. ఫోన్‌లో యాప్ తెరిచి సేవకు ముందు ఒక ఫోటో, సేవ అయ్యాక ఒక ఫోటో ఎక్కిస్తేనే ఆ గంటలు మన పేరు మీద పడతాయి. ఒక మీటింగులో నేను లేచి, ఇష్టం అనే మాటకు మీ దగ్గరున్న నిఘంటువులో అర్థమేంటో కాస్త చదివి వినిపించండి అన్నాను. అందరూ నవ్వారు. వారం తిరక్కుండా మా ఫ్యాక్టరీ సేవా కార్యక్రమాలకు నన్నే సమన్వయకర్తగా వేశారు. నోరున్నవాళ్లకి మా దగ్గర వేసే శిక్ష అది.

మాది రొయ్యల మేత తయారు చేసే కంపెనీ. నేను ల్యాబులో ఇరవై రెండేళ్లుగా ఉన్నాను. మేతలో తేమ ఎంత, మాంసకృత్తులు ఎంత, బూజు ఉందా లేదా, ఇదే నా బతుకు. నెల్లూరులో పుట్టి పెరిగినా సముద్రం దగ్గరికి పోయింది తక్కువ. పోయినప్పుడు కూడా మోకాళ్ల దాకా తడుపుకొని వచ్చేసేదాన్ని. నీళ్లంటే నాకు భయం. ఆ మాట ఎవరికీ చెప్పలేదు, ఎందుకంటే మా ఆఫీసులో నేను దేనికీ భయపడనని ఒక పేరుంది. పేరు పాడు చేసుకోవడం ఎందుకు.

నేను చెప్పబోయేది రెండేళ్ల కిందటి డిసెంబరు నెల సంగతి. అల్లూరు దాటి ఇంకా తూర్పుకు పోతే ఒక ఉప్పుటేరు సముద్రంలో కలిసేచోట చేపలు పట్టేవాళ్ల పల్లె ఒకటి ఉంది. అక్కడ తీరం శుభ్రం చేయాలని హెడ్డాఫీసు నిర్ణయించింది. ముప్పై మందిమి బస్సులో పోయాం. మా వెనక చెత్త ఎత్తడానికి అద్దె ట్రాక్టరు. హెడ్డాఫీసు నుంచి ఈ సేవల వ్యవహారం చూసే అధికారి ఒకతను వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయేమో, మర్యాదస్తుడు, నన్ను మేడమ్ అనకుండా ఒక్క వాక్యం మాట్లాడడు. అందరం అతన్ని సర్ అనేవాళ్లం. అందరికీ నీలం రంగు టీషర్టులు. నా టీషర్టు చీర మీద వేసుకున్నాను. ఎట్లా ఉందో చెప్పక్కర్లేదు.

ఆ ఉదయం ఆ పల్లె నుంచి ఐదు పడవలు సముద్రం మీదికి పోయి ఉన్నాయి. ఒక్కో దాంట్లో ముగ్గురు. ఆ సంగతి నాకు తెలియదు. ఖాళీగా ఉన్న ఏరు చూసి, పడవలేవి అని కూడా నాకు తోచలేదు.

మేం దిగిన గట్టుకు ఎదురుగా, ఏటికి అవతల, సన్నటి ఇసుక తిన్నె అడ్డంగా ఉంది. ఆ తిన్నె ఒకచోట తెగి నీళ్లు సముద్రంలోకి పోతున్నాయి. దాన్ని వాళ్లు మొగ అంటారు. మొగ దగ్గర అలలు తెల్లగా విరుగుతూ ఉన్నాయి. ఆ చప్పుడు వినగానే ఆ వైపు చూడకుండా పనిలో పడ్డాను. సీసాలు, చెప్పులు, తెగిన వల ముక్కలు, కొబ్బరి బోండాలు, థర్మోకోల్. గంటన్నరలో గట్టంతా అద్దంలా అయింది. ఇసుకను దంతెతో దువ్వేశాం కూడా.

మిగిలినవి రెండు కర్రలు. ఒకటి నీళ్ల పక్కన పాతిన సరుగుడు కర్ర, దాని కొసకు వెలిసిపోయిన ఎర్ర గుడ్డ పేలిక. రెండోది దాని వెనక వంద అడుగుల దూరాన దిబ్బ మీద, ఇంకా పొడుగ్గా ఉంది. దానికి ఒక ఖాళీ మేత గోతం చీల్చి జెండాలా కట్టారు. ఆ గోతం మాదే. మా కంపెనీ పేరు, నవ్వే రొయ్య బొమ్మ, అంతా స్పష్టంగా కనపడుతూ గాలికి టపటపలాడుతోంది.

సర్ దాన్ని చూసి ముఖం చిన్నది చేసుకున్నాడు. "మేడమ్, మన లోగో చెత్తలో ఉన్నట్టు ఫోటో పడకూడదని గట్టిగా చెప్పారు. ముందు అది తీయించండి."

"దానిదేముంది" అన్నాను.

అప్పుడు ఒకామె గట్టు మీద కూర్చొని ఉంది. నలభై, నలభై ఐదేళ్లుంటాయి, నా ఈడే. పక్కన ఖాళీ చేపల గంప, తల మీద ఎర్ర తువ్వాలు చుట్ట. పొద్దుట్నుంచీ మమ్మల్నే చూస్తోంది. మావాళ్లు దిబ్బ ఎక్కేసరికి లేచి నా దగ్గరికి వచ్చింది.

"అమ్మా, ఆ కర్రలు ముట్టుకోబాకండి."

"ఎందుకు ముట్టుకోకూడదు?"

"ఉండనీండి అవి. మద్దేనం దాకా ఉండనీండి."

"దేవుడికి మొక్కిన కర్రలా?"

"దేవుడు గాదు."

"మరి ఏంది?"

ఆమె సముద్రం వైపు ఒకసారి చూసింది. "పడవలొచ్చినాక చెప్తా" అంది.

"మధ్యాహ్నం దాకా ముట్టుకోకూడని చెత్త, మధ్యాహ్నం తర్వాత ముట్టుకోవచ్చా? ఇదేం రాహుకాలం అక్కా, ఇంత పొడుగుంది? కారణం చెప్పు, ఆపేస్తాను. కారణం లేకుండా ఆపమంటే మా ఆఫీసులో నా మాట ఎవరు వింటారు?"

మావాళ్లు ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆమె ఏదో చెప్పబోయి ఆగింది. నేను దాన్ని ఓడిపోవడం అనుకున్నాను. ఎదుటివాళ్లు కారణం చెప్పలేకపోతే వాదన మనదేనని కాలేజీ రోజుల నుంచీ నా నమ్మకం. డిబేట్లలో కప్పులు గెలిచిన మనిషిని.

పడవలు సముద్రం మీద ఉన్నంతసేపూ ఆ పల్లెలో ఒడ్డునున్న ఆడవాళ్లు కొన్ని మాటలు అనరు. మునగడం, తిరగబడడం, దోవ తప్పడం, నీళ్ల కింది ఇసుక మేట మీదికి ఎక్కడం, ఇవేవీ నోట రానీయరు. అంటే అట్లా జరుగుతుందని. ఆమె నాకు కారణం చెప్పాలంటే ఆ మాటల్లో ఏదో ఒకటి అనాలి. అనలేక ఊరుకుంది. ఇది ఆ ప్రాంతంలో ఎవర్ని అడిగినా చెబుతారు. నేను అడగలేదు.

ముగ్గురు మగవాళ్లు కలిసి లాగితే కర్రలు ఊడి వచ్చాయి. దంతె పెట్టి గుంటలు చదును చేశాం. గోతం మటుకు సర్ మడిచి బస్సులో పెట్టించాడు, లోగో ఉన్నది చెత్తకుప్పలోకి పోకూడదని. కర్రలు మొదటి ట్రిప్పు మూటలతో పాటు ట్రాక్టరెక్కి అల్లూరు దారి పట్టాయి.

పది గంటలకు గాలి మారింది. అంతవరకూ ఒంటికి హాయిగా ఉన్నది, ఈశాన్యం నుంచి తోయడం మొదలుపెట్టింది. మా బ్యానరు రెండు వెదుళ్ల మధ్య పొట్ట ఉబ్బించి ఊగుతోంది. పల్లెలోంచి ఆడవాళ్లు గంపలతో ఒక్కొక్కరే గట్టు మీదికి వస్తున్నారు. వచ్చిన ప్రతి మనిషీ ముందు దిబ్బ వైపు చూసింది. చూసి ఆగిపోయింది. గంప కింద పెట్టింది. పది మంది, పదిహేను మంది. ఎవరూ అరవలేదు. నన్ను తిట్టలేదు. తిడితే నాకు తెలుసు ఏం చేయాలో. వాళ్లు ఊరికే నిలబడి మొగ వైపు చూస్తున్నారు.

పొద్దుటి ఆమె వచ్చి నా ఎదురుగా నిలబడింది. గొంతు బాగా తగ్గించి అడిగింది.

"కర్రలు యాడ?"

"ట్రాక్టర్లో పోయినాయి."

"ట్రాక్టరు యాడికి పోయింది?"

"అల్లూరు."

ఆమె అక్కడే ఇసుకలో కూర్చుంది. నేనూ పక్కన కూర్చున్నాను. ఆమె నా వైపు చూడకుండా, ఇసుకలో వేలితో రెండు చుక్కలు పెట్టి చెప్పింది. "సముద్రంలోంచి చూసేవోడికి ముందు కర్ర, ఎనక కర్ర ఒకటిగా కనపడాల. కనపడితే అదే దోవ. రెండూ రెండుగా కనపడితే దోవ గాదు."

"దోవ కాకపోతే?"

ఆమె నా ముఖంలోకి చూసింది. చెప్పనక్కర్లేకుండా మొగ దగ్గర ఒక అల గోడలా లేచి విరిగింది.

"నా మొగుడు వేటకు పోయుండాడు. మా మరిది పోయుండాడు" అంది. "ఐదు పడవలు పోయుండాయి."

నేను ట్రాక్టరు డ్రైవరుకు ఫోన్ చేశాను. తొందరలో రెండుసార్లు వేరే నంబరుకు పోయింది. అతను ఉత్సాహంగా, "మంచి సరుగుడు కర్రలు గదా మేడమా, పారేసేది ఎందుకని దోవలో టీ అంగట్లో ఇచ్చేసినా. నరికి పొయ్యిలో పెట్టుకున్నారు" అన్నాడు. పడవల్లో ఉన్నవాళ్లకు ఒకామె ఫోన్ చేస్తూనే ఉంది. స్విచ్చాఫ్, స్విచ్చాఫ్ అని అదే గొంతు. ఊళ్లో మిగిలిన మగవాళ్లు వల కొనడానికి నెల్లూరు పోయారట. పైగా వానలకు మొగ పక్కకు జరిగిందనీ, పన్నెండు రోజుల కిందటే ఆమె మొగుడే ఆ కర్రలు కొత్తగా పాతాడనీ, ఆ చోటు ఒడ్డునున్న వాళ్లెవరికీ ఇంకా కచ్చితంగా గుర్తులేదనీ తెలిసింది.

"ఫోటోలున్నాయి" అన్నాడు సర్. అతని ముఖంలో రక్తం లేదు. "ముందు తీసినవి ఉన్నాయి మేడమ్. వాటిని బట్టి పెట్టేద్దాం."

ముప్పై ఫోన్లు తెరిచాం. వందల ఫోటోలు. అన్నిట్లోనూ మేమే. మా పళ్లు, మా టీషర్టులు, మా బొటనవేళ్లు. ఒక్క దాంట్లో నా భుజం వెనక అర కర్ర కనపడింది. ఆ ఫోటోలో నేను ఎవరికో వేలు చూపించి ఏదో చెబుతున్నాను. కర్ర చుట్టూ ఏముందో నా తల అడ్డం వచ్చి కనపడదు.

"నువ్వే గదా ఈడ నిలబడి పీకించింది" అంది ఆమె. "యాడ నిలబడినావో చూపీ."

నేను లేచి నడిచాను. ఒకచోట ఆగి ఇక్కడ అన్నాను. ఆగాక అనుమానం వచ్చింది. పది అడుగులు జరిగి, కాదు, ఇక్కడ అన్నాను. ఎటు చూసినా దంతె గీతలే. తల దువ్వినట్టున్న ఇసుక, అంతా ఒకేలా ఉంది. ఎంత బాగా శుభ్రం చేశామంటే ఒక్క ఆనవాలు మిగల్లేదు. ఆడవాళ్లంతా నన్నే చూస్తున్నారు. నా జీవితంలో ఒక ప్రశ్నకు జవాబు తెలియకపోయినా తెలిసినట్టు చెప్పి గెలిచిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. అప్పుడు మాత్రం, "నాకు గుర్తు లేదు" అన్నాను.

"సుమారుగానైనా పెడదాం" అన్నాడు సర్.

"సుమారు గాదయ్యా" అంది ఆమె. "కర్ర లేకపోతే వాళ్లు బయటే తిరుగుతా ఉంటారు. తప్పు కర్ర ఉంటే దాన్ని నమ్మి లోనికొస్తారు."

"ఎంతసేపు బయట ఉండగలరు?" అని అడిగాను.

"గాలి చూస్తుండావు గదా."

అంతలో ఒక ముసలామె చేయెత్తి చూపించింది. దూరంగా, అలల అవతల, ఒక నల్లటి చుక్క లేస్తోంది, మునుగుతోంది. దాని వెనక ఇంకొకటి.

ఆమె లేచి నిలబడి ఏటి వైపు చూసింది. నీళ్లు సముద్రంలోకి లాగుతున్నాయి. పాటు నీళ్లు అంటారు వాళ్లు, సముద్రం తగ్గే వేళ ఏరు బయటికి పరిగెత్తే నీళ్లు. తర్వాత మా మూటల వైపు చూసింది. రెండో ట్రిప్పుకు పేర్చి పెట్టిన మూటలు, ఇరవై పైగా ఉన్నాయి.

"ఆ సీసాలన్నీ ఏట్లో పారేయండి" అంది.

ఎవరూ కదల్లేదు. పొద్దుట్నుంచీ నడుములు విరిగేలా ఏరింది ఇప్పుడు నీళ్లలో పోయడమంటే ఎవరి బుర్రకూ ఎక్కలేదు. నాకు ఎక్కింది. లోతున్న చోటనే నీళ్లు జోరుగా లాగుతాయి, తేలేవన్నీ అటే పోతాయి. ఒక మూట ముడి విప్పి ఏట్లోకి గుమ్మరించాను. ఖాళీ సీసాలు కదా, గాలికి గిరగిరా తిరిగి మా కాళ్ల దగ్గరికే వచ్చాయి.

"సగం నీళ్లు పట్టి ఏయండమ్మా" అంది ఆమె. "ఒట్టి సీసా గాలి మాట వింటది. నీళ్లున్న సీసా నీళ్ల మాట వింటది."

అప్పుడు అందరూ పడ్డారు. ముప్పై మంది నీలం టీషర్టుల వాళ్లు ఏటి అంచున వంగి సీసాల్లో నీళ్లు నింపి, మూతలుంటే మూతలు పెట్టి, లేకపోతే ఇసుక కుక్కి విసిరారు. అందరికంటే ముందు మోకాళ్ల లోతుకు దిగింది సర్. బూట్లు కూడా విప్పలేదు. సీసాలు, కొబ్బరి బోండాలు వరస కట్టి పోతున్నాయి. మొగ దగ్గరికి చేరి కొంచెంసేపు సుడి తిరిగి, దక్షిణపు పక్కకు ఒరుసుకుంటూ, అలలు విరగని ఒక సందులోంచి బయటికి జారిపోయాయి. ఆ సందు నాకు అప్పటిదాకా కనపడనే లేదు. నాకు అంతా ఒకే నురగ.

ఆమె గట్టు మీద అటూ ఇటూ నడుస్తూ, ఆ సీసాల దారి తనకు సూటిగా కనపడే చోట ఆగింది. మడమతో ఇసుకలో గీత గీసింది. "ఈడ."

బ్యానరు చింపి వెదుళ్లు తీశాం. బస్సులోంచి మేత గోతం వచ్చింది. దాన్ని పెద్ద వెదురుకు కట్టుకొని మావాళ్లు నలుగురు ఆ గీతకు సూటిగా వెనక దిబ్బ మీదికి పరిగెత్తారు. చిన్న వెదురుకు ఆమె తన తల మీది చుట్ట విప్పి, ఆ ఎర్ర తువ్వాలు కట్టింది. ఇసుక మెత్తన, గాలి జోరు, పాతితే నిలవడం లేదు. ఎవరైనా పట్టుకోవాల్సిందే.

"నేను పట్టుకుంటా" అన్నాను.

"కదలబాక" అంది. "ఏం జరిగినా కదలబాక."

ఆమె నా ఎదర నీళ్లలోకి దిగి నిలబడింది. నేను వెదురును రెండు చేతులతో ఒంటికి అదుముకున్నాను. మొగ సరిగ్గా నా ముందుంది. నేను జీవితమంతా చూడకుండా తప్పించుకున్న సముద్రం నా ముఖం మీదికే తెరుచుకొని ఉంది. మొదటి పడవ అలల అవతల నెమ్మదిగా గుండ్రంగా తిరుగుతోంది. రావడం లేదు. కొత్త కర్రలు, కొత్త మనుషులు, వాళ్లకు అనుమానంగా ఉందని అర్థమైంది. రమ్మని చెయ్యి ఊపాలనిపించింది. రమ్మనడం మంచిదో చెడ్డదో తెలియక ఊపలేదు.

తర్వాత దాని ముక్కు మా వైపు తిరిగింది. ఒక పెద్ద అల వెనక నుంచి లేపితే పడవ ముందుకు ఒరిగి, లోపలున్న ముగ్గురూ నా కళ్లకు పైనుంచి కనపడ్డారు. వాళ్ల నోళ్లు తెరిచి ఉన్నాయి. ఒక్క క్షణం పడవ మాయమైంది. నురగలోంచి బయటపడ్డప్పుడు అది ఏట్లో ఉంది. రెండో పడవ వచ్చింది. మూడోది వచ్చేటప్పుడు పక్కకు తిరగబోయి సర్దుకుంది. నాలుగోది వచ్చింది. ఒడ్డున ఒక్కరూ కేక వేయలేదు, చప్పట్లు కొట్టలేదు. ఆమె నడుము లోతు నీళ్లలో అట్లాగే నిలబడి ఉంది. ఐదో పడవ ఆమె మొగుడిది.

అది రావడానికి అరగంట పట్టింది. నా చేతులు తిమ్మిరెక్కాయి. మూటలన్నీ అయిపోయాయి. ఏట్లో తేలేది ఏమీ లేదు. వచ్చిన నాలుగు పడవల వాళ్లు ఏటికి ఎగువన దూరంగా ఉన్న రేవులో వాటిని కట్టి పరిగెత్తుకుంటూ వస్తున్నారు, అంతలోనే ఐదో పడవ మొగ ముందుకు వచ్చింది. అది ఆగలేదు, తిరగలేదు, తిన్నగా నా మీదికే వచ్చింది. దాని ముక్కు నా చేతిలోని కర్రను గురిపెట్టి ఉంది. అంత సూటిగా వస్తున్నదాన్ని చూసి, హమ్మయ్య, ఇది వచ్చేస్తుంది అనుకున్నాను.

కొట్టుకున్న చప్పుడు నాకు వినపడలేదు. పడవ ఉన్నట్టుండి నీళ్ల మధ్యలో ఆగింది. ఆగిన పడవ మీదికి వెనక అల ఎక్కింది. అడ్డం తిరిగింది. ఇద్దరు మనుషులు నీళ్లలోకి దూకి భుజాలతో పడవను తోస్తున్నారు. మూడో అతను కనపడలేదు. ఆమె నోట్లోంచి అప్పుడు కూడా కేక రాలేదు. చీర కుచ్చిళ్లు పట్టుకొని మెడ లోతుకు నడిచిపోయింది. నేను కర్ర పట్టుకొనే ఉన్నాను. కదలబాక అంది కదా. కదిలితే ఏమవుతుందో, కదలకపోతే ఏమవుతుందో, ఏదీ తెలియని ఆ కొద్ది నిమిషాలు నాకు ఇప్పటికీ నిద్రలో కాదు, మెలకువలోనే వస్తాయి. ల్యాబులో తూకం వేస్తూ వేస్తూ చెయ్యి ఆగిపోతుంది.

ఇంకో రెండు అలలకు పడవ మేట మీది నుంచి ఊడి ఏట్లోకి పడింది. సగం నీళ్లు నిండి ఉంది. మూడో అతను పడవ అవతలి పక్క అంచు పట్టుకొని వేలాడుతున్నాడు. అతను ఆమె మరిది. మేటకూ పడవకూ మధ్య అతని కుడి భుజం నలిగింది. ప్రాణంతో ఉన్నాడు. ముగ్గురూ ప్రాణంతో ఉన్నారు. పట్టిన చేపలన్నీ పోయాయి.

సర్ తన టీషర్టు చింపి ఆ మరిది చేతికి కట్టు కట్టించి, బస్సులో పడుకోబెట్టి నెల్లూరు ఆసుపత్రికి తీసుకుపోయాడు. మావాళ్లంతా బస్సెక్కారు. నేను ఎక్కలేదు. ఆ చెయ్యి తర్వాత అతికింది గాని భుజం దాటి పైకి లేవదు. అతను మళ్లీ సముద్రం మీదికి పోలేదు. మా రిపోర్టులో ఆ సంగతి నేను రాశాను. హెడ్డాఫీసు వాళ్లు తీసేశారు. రెండుసార్లు రాశాను, రెండుసార్లు తీశారు. మూడోసారి పైకి పోయి నిలదీశాను. ఆ గొడవ ఇక్కడ చెప్పను. గెలిచినా ఆ భుజానికి ఒరిగేది లేదు.

ఆ రోజు బస్సు పోయాక ఆమె మొగుడు ఒడ్డున మోకాళ్ల మీద చేతులు పెట్టి కాసేపు ఊపిరి తీసుకున్నాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి, నా చేతిలోని వెదురును, దిబ్బ మీద గోతాన్ని, మొగను చూశాడు. నేను ఇంకా అక్కడే నిలబడి ఉన్నాను.

"ఈడ పెట్టింది ఎవురు?"

"నేనే" అంది ఆమె. ఒళ్లంతా తడిసి పళ్లు టకటకలాడుతున్నాయి.

"అసలు కర్రలు పీకించింది నేను" అన్నాను. "ఆమె వద్దంది. నేనే వినలేదు."

"పీకింది ఎవురో అడగలా. పెట్టింది ఎవురని అడగతా ఉండా."

"సీసాలు ఏసి చూసి పెట్టినాం" అంది ఆమె. "ఆ నాలుగు పడవలూ బాగానే వచ్చినాయి గదా."

"వాళ్లు కర్ర చూసి రాలా, ఇప్పుడే చెప్పినారు. సీసాలు బయటికొస్తా ఉంటే, అవి వచ్చే సందులోంచి దూరినారు. నేనొచ్చేతలికి సీసాల్లేవు." ఆయన ముఖం తుడుచుకున్నాడు. "నేను కర్ర చూసినా."

ఆ పడవ నన్ను గురిపెట్టి వచ్చింది, నన్ను నమ్మి వచ్చింది, నేను చూస్తూ సంతోషపడ్డాను. తిట్టమని అడుగుదామనిపించింది. ఆయనకు నన్ను తిట్టే తీరిక కూడా లేదు.

"రేపు తెల్లారకముందే పోవాల" అన్నాడు భార్యతో. "పొద్దు ఉండంగానే సరిచేయాల. ఎవురైనా కర్ర పట్టుకోండి."

"నేను పట్టుకుంటాను" అన్నాను.

ఆయన నా టీషర్టును, నన్ను ఒకసారి చూసి, వేరే పడవ తీసుకొని మొగ లోపలి అంచుదాకా పోయాడు. అక్కడ లంగరు వేసి, పడవ ముక్కు మీద నిలబడి, మా వైపు తిరిగాడు. దిబ్బ మీద గోతం కర్ర దగ్గర పడవల వాళ్లు ఇద్దరు, కింద నేను. అంత దూరానికి మాట వినపడదు, చెయ్యే. ఆయన ఎడమ చెయ్యి చాపి దక్షిణానికి ఊపాడు. వెదురు ఎత్తి ఒక అడుగు జరిగాను. ఇంకా ఊపాడు. ఇంకో అడుగు. ఆమె నా పక్కనే గడ్డపారతో నిలబడి ఉంది, గుంట తవ్వడానికి.

"ఇంకా పొమ్మంటుండాడు" అంది.

"పోతున్నానక్కా."

అడుగు, అడుగు. తప్పు ఎంత పెద్దదో నా కాళ్లకు తెలుస్తోంది. మూడు అడుగులకు ఆగుతుందనుకున్నాను, ఐదుకు ఆగుతుందనుకున్నాను. ఆయన చెయ్యి ఊగుతూనే ఉంది. ఎనిమిది అయ్యాక లెక్క మానేసి, ఆ చెయ్యి ఆగేదాకా జరుగుతూ పోయాను.